ఔనన్న పిల్లలు, తేల్చని పెద్దలు

బైబిలు చదివే ఇళ్లున్న ఏ ఊళ్లోనైనా ‘సమాజమందిరం’ కొత్త మాట కాదు. విస్సన్నపేటలోనూ తిరువూరులోనూ ఆదివారం ప్రసంగం వినే పిల్లలకు యేసు విశ్రాంతిదినాన సమాజమందిరానికి వెళ్లడం, అక్కడ గ్రంథపు చుట్ట విప్పి చదవడం తెలిసిన కథే. ఆ మందిరాలన్నీ ఎక్కడో నజరేతులో, కపెర్నహూములో ఉండేవని వాళ్లు అనుకుంటారు. కానీ నూజివీడు మీదుగా విజయవాడ చేరి, కృష్ణ దాటి గుంటూరు వెళ్లి, అక్కడ పొన్నూరు రోడ్డు పట్టుకుంటే చేబ్రోలు వస్తుంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడితో పేరుపడ్డ ఊరది. దాన్ని ఆనుకునే కొత్తరెడ్డిపాలెం ఉంది. 1991లో అక్కడ ఒక సమాజమందిరం కట్టారు. అందులో ప్రార్థన చేసేవాళ్లు తెలుగువాళ్లే. తాము ‘బెనె ఎఫ్రాయిం’, అంటే ఎఫ్రాయిము సంతతివాళ్లమని చెప్పుకుంటారు.

వాళ్లు సుమారు నలభై కుటుంబాలు. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. పుట్టుకతో మాదిగలు. కొద్దిమంది మచిలీపట్నంలోనూ ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా విస్సన్నపేటకు జిల్లా కేంద్రం ఆ మచిలీపట్నమే. అంటే ఈ ప్రాంతంవాళ్లు కలెక్టరాఫీసు పనుల మీద ఏళ్ల తరబడి తిరిగిన ఊళ్లోనే తెలుగు యూదులూ ఉన్నారు. ఆ సంగతి తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

ఆ ఇళ్లలో పుట్టిన పిల్లలకు శుక్రవారం పొద్దుగూకగానే విశ్రాంతిదినం మొదలవుతుంది. శనివారం సాయంత్రం దాకా సాగుతుంది. మందిరంలో హెబ్రీ ప్రార్థనలు, తెలుగు మాటలు కలిసి వినిపిస్తాయి. ఇంట్లో పిలిచే పేరొకటి, మందిరంలో హెబ్రీ పేరొకటి ఉంటాయి. ఈ పిల్లలు పదమూడో ఏటికో పదహారో ఏటికో వచ్చేసరికి, లోకంలో మిగతా యూదు పిల్లలకు ఎదురుకాని చిక్కు ఒకటి వీళ్లకు ఎదురవుతుంది. అదేమిటో తెలియాలంటే, యూదుల్లో పిల్లలు పెద్దవాళ్లయ్యే తీరు ముందు చూడాలి.

పదమూడుకే బరువు

యూదు సంప్రదాయంలో మగపిల్లవాడికి పదమూడు, ఆడపిల్లకు పన్నెండు నిండితే ధర్మశాస్త్రపు ఆజ్ఞలు పాటించే బాధ్యత తమదే అవుతుంది. అప్పటిదాకా ఆ పిల్లలు చేసిన తప్పొప్పులకు తండ్రిది పూచీ. ఆ వయసుకు వచ్చిన అబ్బాయిని బార్ మిట్స్వా అంటారు, అమ్మాయిని బాట్ మిట్స్వా అంటారు. ఇప్పుడు ఆ పేర్లతోనే వేడుకనూ పిలుస్తున్నారు. నిజానికి వేడుక చేసినా చేయకపోయినా బాధ్యత రావడం ఆగదు. ఉపనయనం జరగకుండా సంధ్యావందనానికి అర్హత రాదు కదా, ఇక్కడ సంగతి దానికి తిరగబడి ఉంటుంది. పుట్టినరోజు దాటితే చాలు, అర్హత వచ్చేసినట్టే.

వేడుకలో అసలు ఘట్టం చదువు. తోరా అంటే మోషే పేరుమీద ఉన్న అయిదు కాండాలు. వాటిని తోలు చుట్ట మీద చేత్తో రాస్తారు. అందులో అక్షరాలు 3,04,805. అచ్చుల గుర్తులు ఉండవు, ఏ పదాన్ని ఏ స్వరంలో పలకాలో చెప్పే గుర్తులూ ఉండవు. పిల్లవాడు రెండూ ముందే కంఠతా పట్టాలి. చదివేటప్పుడు చుట్టను వేలితో తాకకూడదు. చివర చిన్న చెయ్యి ఆకారం ఉన్న పుల్లతో వరుస చూపిస్తూ చదవాలి. ఏడాదికి సరిపడా తోరాను 54 భాగాలు చేసి వారం వారం చదువుతారు కాబట్టి, పిల్లవాడు పుట్టిన వారాన్ని బట్టి అతని వంతు భాగం తేలుతుంది. దానికోసం నెలల తరబడి గురువు దగ్గర సాధన చేస్తారు. ఆ రోజున చదివి, ఆ భాగం మీద తన మాటల్లో చిన్న ప్రసంగం చేస్తాడు. చాలాచోట్ల చివర్లో అతని మీద మిఠాయిలు విసురుతారు.

చాలాకాలం ఇది అబ్బాయిల వేడుకే. అమెరికాలో తొలి బాట్ మిట్స్వా 1922 మార్చి 18న న్యూయార్కులో జరిగింది. రబ్బీ, అంటే యూదు మతగురువు, అయిన మోర్డెకాయ్ కప్లాన్ తన కూతురు జూడిత్‌ను సభ ముందుకు పిలిచి ధర్మశాస్త్రం చదివించాడు. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు. అంతకు నూరేళ్ల ముందు నుంచే, జర్మనీలో పుట్టిన మరో వేడుకలో అమ్మాయిలకు అబ్బాయిలతో సమానంగా చోటు దొరుకుతోంది. దాని పేరు కన్ఫర్మేషన్.

చర్చి నుంచి వచ్చిన వేడుక

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో జర్మనీ యూదుల్లో సంస్కరణ గాలి వీచింది. 1810లో ఇజ్రాయెల్ జాకబ్సన్ అనే సంపన్నుడు సేసెన్ అనే చిన్న ఊళ్లో కొత్త తరహా ఆరాధన మందిరం తెరిచాడు. అందులో ఆర్గాన్ వాయించేవారు, జర్మన్ భాషలో ప్రసంగాలు చేసేవారు. చుట్టూ ఉన్న లూథరన్ చర్చిల్లో పిల్లలు కొంతకాలం పాఠాలు నేర్చి, ప్రశ్నలకు సభ ముందు జవాబులు చెప్పి, తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే ఆచారం ఉంది. సంస్కర్తలు ఆ పద్ధతినే తమ మందిరంలోకి తెచ్చుకున్నారు. పదమూడేళ్లకు హెబ్రీ చుట్ట చదవడం నోటి పాఠంగా మారిందని, అర్థం తెలిసే వయసులో పిల్లలే నోరు తెరిచి తమ మతం గురించి చెప్పాలని వారి వాదం.

దానికి అభ్యంతరాలు రాకపోలేదు. ఇది క్రైస్తవుల అనుకరణ అని సంప్రదాయవాదులు కొట్టిపారేశారు. సీనాయి పర్వతం దగ్గరే ఇశ్రాయేలీయులంతా, ఇంకా పుట్టని తరాలతో సహా, ఒప్పుకున్న ఒడంబడికకు ఒక పిల్లవాడు మళ్లీ కొత్తగా ఒప్పుకోవడం ఏమిటని వారి ప్రశ్న. 1823లో ప్రష్యా రాజు యూదుల ఆరాధనలో కొత్త పోకడలన్నిటినీ నిషేధించాడు. అయినా ఆచారం ఆగలేదు. 1846లో మాక్స్ లిలియెంతాల్ అనే రబ్బీ దాన్ని న్యూయార్కులో జరిపించాడు. ఆ తరవాత అమెరికా సంస్కరణవాద మందిరాల్లో అది పాతుకుపోయింది. ఆర్థొడాక్సు యూదుల్లో మాత్రం ఇప్పటికీ లేదు.

ముహూర్తం కూడా తెలివిగా కుదిరింది. పస్కా తరవాత ఏడు వారాలకు షవుఓత్ వస్తుంది. తెలుగు బైబిల్లో ‘వారముల పండుగ’ అన్నది అదే. సీనాయి దగ్గర ధర్మశాస్త్రం అందిన రోజుగా దాన్ని జరుపుకుంటారు. మే నెలలోనో జూన్‌లోనో, మన దగ్గర రోహిణి కార్తె ఎండలు మాడ్చే రోజుల చుట్టుపక్కల అది పడుతుంది. అమెరికాలో బడుల సంవత్సరం ముగిసేదీ అప్పుడే. పదో తరగతి పిల్లలు ఏడాది పొడుగునా, కొన్నిచోట్ల రెండేళ్లు, రబ్బీ దగ్గర కూర్చుని దేవుడి గురించి, న్యాయం గురించి, తమ జాతి చరిత్ర గురించి చర్చిస్తారు. పండుగనాడు తరగతి మొత్తం కలిసి ఆరాధన నడుపుతుంది. బార్ మిట్స్వా ఒక్కడి పరీక్ష అయితే, కన్ఫర్మేషన్ జట్టు పని. తొలినాళ్లలో ముందే అచ్చువేసిన ప్రశ్నలకు ముందే అచ్చువేసిన జవాబులు చెప్పేవాళ్లు. రానురాను ఆ తంతు పోయింది. ఇప్పుడు ఎవరి నమ్మకాన్ని వాళ్లు సొంతంగా రాసుకొచ్చి చదువుతారు. సందేహాలుంటే అవీ చదువుతారు. చాలా మందిరాల నడవాల్లో ఏటేటా కన్ఫర్మేషన్ తరగతుల గ్రూపు ఫొటోలు గోడల నిండా వేలాడుతుంటాయి.

పదమూడేళ్ల వేడుక కాగానే పిల్లలు మందిరం బడి మానేస్తారని పెద్దలకు దిగులు. పదహారేళ్లదాకా వాళ్లను నిలబెట్టడానికి కన్ఫర్మేషన్ పనికొచ్చింది. ఆ మూడేళ్ల తేడాలోనే పిల్లలకు సొంత ప్రశ్నలు పుట్టుకొస్తాయి.

భారతదేశంలోనూ సంస్కరణవాద శాఖ ఉంది. 1925లో బొంబాయిలో ‘జ్యూయిష్ రెలిజియస్ యూనియన్’ మొదలైంది. దాని వెనక ఉన్నది జెరూషా జిరాద్ అనే వైద్యురాలు. లండన్‌లో చదువుతున్నప్పుడు అక్కడి ఉదారవాద యూదుల పరిచయంతో ఆమె ఆలోచన మారింది. తరవాత 1966లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. అయితే బొంబాయిలో గానీ కొచ్చిన్‌లో గానీ కలకత్తాలో గానీ యూదుల్లో అత్యధికులు పాత సంప్రదాయాన్నే నమ్ముకున్నారు. 2011 జనగణన నాటికి దేశం మొత్తం మీద యూదులు అయిదు వేలలోపే.

గుంటూరు నేల మీద

యూదులు ఏ లూథరన్ ఆచారాన్ని జర్మనీలో అరువు తెచ్చుకున్నారో, అదే ఆచారం మరో దారిన గుంటూరుకూ వచ్చింది. 1842 జులై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టాడు. అక్కడ పాతుకున్న మిషన్ నుంచి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. గుంటూరు జిల్లా లూథరన్ ఇళ్లలో ఈడొచ్చిన పిల్లలు లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం వల్లెవేసి, సభ ముందు నిలబడి, తొలిసారి ప్రభురాత్రి భోజనంలో చేరడం తరతరాల ఆనవాయితీ. ఎన్టీఆర్ జిల్లాలో కతోలికులకు ‘భద్రమైన అభ్యంగనం’ ఇలాంటిదే. కన్ఫర్మేషన్ అంటే ఏమిటో అమెరికా యూదు పిల్లవాడికి తెలిసినంతా ఇక్కడి క్రైస్తవ పిల్లలకూ తెలుసు.

బెనె ఎఫ్రాయిం కుటుంబాలది మాత్రం ఎక్కువగా బాప్తిస్టు నేపథ్యం. వారి నాయకుల్లో మొదట చెప్పుకోవలసింది శామ్యూల్, సాదోక్ యాకోబి అన్నదమ్ములను. శామ్యూల్ బాప్తిస్టు బోధకుడిగా ఉండేవాడు. 1980ల మొదట్లో యెరూషలేము వెళ్లివచ్చాక యూదు మతమే తమ అసలు మతమని ప్రకటించాడు. అస్సీరియా రాజులు ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని క్రీ.పూ. 722 ప్రాంతంలో కూల్చినప్పుడు చెదిరిపోయిన పది గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం ఒకటి. వాళ్లు పర్షియా, చైనాల మీదుగా భారతదేశంలోకి వచ్చి తెలుగు నేల చేరి, కాలక్రమంలో అంటరానివాళ్లుగా అణిగిపోయారనీ, ఆ పైన మిషనరీల కాలంలో క్రైస్తవులయ్యారనీ వారి కథనం. శామ్యూల్ దాన్నంతా 2002లో పెద్ద పుస్తకంగా రాశాడు. కొత్తరెడ్డిపాలెంలో ఆరాధన, పండుగలు నడిపే బాధ్యత సాదోక్ చూసుకున్నాడు.

బాప్తిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఈడొచ్చాక, తనంతట తాను నమ్మి, నోటితో ఒప్పుకుని నీళ్లలోకి దిగాలి. 1878 జులై 3న జాన్ క్లౌ ఒంగోలు మిషన్ గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది ఆ పద్ధతిలోనే. వాళ్లలో అత్యధికులు మాదిగలు. అంటే ఈ కుటుంబాల పాత ఇంట్లో మనిషి చెప్పే ‘ఔను’ మీదే మతమంతా నిలబడింది. కొత్తగా చేరిన ఇంట్లో తల్లి యూదురాలైతే బిడ్డ యూదే, అడగాల్సిన పని లేదు. మనిషి చెప్పే ‘ఔను’కు విలువ ఉన్న చోటు నుంచి, పుట్టుకకు విలువ ఉన్న చోటుకు వాళ్లు వచ్చారు. తమకు ఆ పుట్టుక ఉందని వాళ్లు అంటారు, లోకం రుజువు అడుగుతుంది.

చిక్కంతా అక్కడే. న్యూయార్కులో కన్ఫర్మేషన్ తరగతి ఎగ్గొట్టిన పిల్లవాడూ యూదే. తాతయ్యో అమ్మమ్మో యూదులైతే చాలు, 1970 సవరణ ప్రకారం ఇజ్రాయెల్‌లో స్థిరపడే హక్కు అతనికి ఉంది. కొత్తరెడ్డిపాలెం అమ్మాయి హెబ్రీ అక్షరాలు దిద్ది, ప్రార్థనలు కంఠతా పట్టి, శనివారం పనికి పోకుండా ఉన్నా ఆ హక్కు రాదు. ఇజ్రాయెల్ ప్రభుత్వం గానీ అక్కడి ప్రధాన రబ్బీలు గానీ బెనె ఎఫ్రాయింను యూదులుగా గుర్తించలేదు. మణిపూర్, మిజోరాం కొండల్లోని బెనె మెనషే సంగతి వేరు. 2005లో ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ వారిని తప్పిపోయిన గోత్రపు వారసులుగా ఒప్పుకున్నాడు. అప్పటికీ లాంఛనంగా మతమార్పిడి చేయించుకున్నాకే వాళ్లను ఇజ్రాయెల్ రానిచ్చారు. ముగ్గురు న్యాయమూర్తుల మత న్యాయస్థానం, స్నానఘట్టంలో మునక, మగవారికి సున్నతి, ఇవీ ఆ మార్పిడిలో మెట్లు.

ఆ మార్పిడి చట్టంలోనే పిల్లల గురించి ఒక మాట ఉంది. తెలియని వయసులో పెద్దలు మతం మార్చిన బిడ్డ, ఈడొచ్చాక కాదనుకుంటే కాదనుకోవచ్చని యూదుల ధర్మచర్చల గ్రంథం తల్మూదు చెబుతుంది. అంటే పుట్టుకను అంత గట్టిగా పట్టుకున్న మతం కూడా పన్నెండేళ్ల, పదమూడేళ్ల పిల్లల అభిప్రాయానికి ఒకచోట తలుపు తెరిచింది. షవుఓత్ పండుగకు మందిరాల్లో చదివేది కూడా రూతు గ్రంథమే. మోయాబు దేశపు విధవరాలు అత్తను వదలనని, ఆమె జనమే తన జనమని, ఆమె దేవుడే తన దేవుడని తేల్చి చెప్పిన కథ. ఆమె మునిమనవడు దావీదు రాజు. కన్ఫర్మేషన్ పండుగనాడే వచ్చే ఈ కథలో పుట్టుకతో యూదురాలు కాని స్త్రీ మాటకు విలువ దక్కింది.

ఇంగ్లాండులోని డరమ్ విశ్వవిద్యాలయానికి చెందిన మానవశాస్త్రవేత్త యూలియా ఎగొరోవా, మరో పరిశోధకుడు షాహిద్ పర్వేజ్ ఈ సమాజంతో చాలాకాలం గడిపి 2013లో పుస్తకం వెలువరించారు. బెనె ఎఫ్రాయిం యూదులు అవునా కాదా అని తీర్పు చెప్పడం వాళ్ల ఉద్దేశం కాదు. కులం కిందికి తొక్కిన మనుషులు తమ చరిత్రను తామే తిరగరాసుకోవడం, ఆ క్రమంలో వాళ్లు ఎదుర్కొనే ప్రశ్నలు ఈ పరిశోధకులకు ముఖ్యమయ్యాయి. అమెరికాలో ‘కులాను’ అనే సంస్థ ఇలా విడిగా మిగిలిన యూదు సమాజాలకు పుస్తకాలు, గురువులు అందేలా చూస్తుంది. కొత్తరెడ్డిపాలెం పేరు బయటి యూదులకు తెలిసింది ఎక్కువగా ఆ దారినే. బయట పేరు రావడంతో భయమూ వచ్చింది. 2004లో లష్కరే తోయిబా మనిషి ఒకడు ఈ సమాజంపై దాడికి పథకం వేశాడని పోలీసులు ప్రకటించారు.

పదో తరగతి సర్టిఫికెట్టు

యెరూషలేము గుర్తింపు దూరపు సంగతి. పదో తరగతి పాసై ఇంటర్లో చేరబోయే పిల్లవాడికి దగ్గరి సంగతి కుల ధ్రువీకరణ పత్రం. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా మొదట హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మరే మతంలో ఉన్నట్టు చెప్పుకున్నా ఎస్సీ హోదా పోతుంది. ఇందులో క్రైస్తవానికీ యూదు మతానికీ తేడా లేదు. స్కాలర్‌షిప్పు, హాస్టల్ సీటు, ఉద్యోగంలో రిజర్వేషను, అన్నీ ఆ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంటాయి. అమెరికా మందిరంలో పదహారేళ్ల పిల్లవాడు సభ ముందు తన నమ్మకం చెబితే బహుమతులొస్తాయి. ఇక్కడ అదే మాట దరఖాస్తు కాగితం మీద రాస్తే సీటు పోవచ్చు.

అల్పసంఖ్యాకుల జాబితా వైపు చూసినా దారి కనిపించదు. కేంద్రం గుర్తించిన ఆరు మతాల్లో యూదులు లేరు. ముస్లిములు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పారసీలు, 2014 నుంచి జైనులు, అంతే. రాష్ట్రాలు తమంతట తాము గుర్తించవచ్చు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో యూదులకు ఆ హోదా ఇచ్చాయి. రెండుచోట్లా యూదులు కొద్ది వేలమందే, లేదా కొద్ది వందలే. సంఖ్య తక్కువన్న సాకు అక్కడ అడ్డం రాలేదు.

బెనె ఎఫ్రాయిం పూర్వీకులు నిజంగా అస్సీరియా నుంచి నడిచివచ్చారా అన్నది చరిత్రకారులు తేల్చవలసిన ప్రశ్న. వాళ్లను యూదులుగా ఒప్పుకోవాలా అన్నది రబ్బీల ప్రశ్న. ఈ రెండూ తేలకపోయినా, ముప్పై ఏళ్లకు పైగా ఒక మందిరం చుట్టూ పెరిగిన పిల్లలు తమ మతం పేరు భయపడకుండా చెప్పుకోగలగాలన్నది మన రాష్ట్రం చూడవలసిన ప్రశ్న. మహారాష్ట్ర, గుజరాత్‌ల తరహాలో ఆంధ్రప్రదేశ్ కూడా యూదులకు అల్పసంఖ్యాక హోదా ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు. ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టిన మూడో పేరాను మార్చాలంటే మాత్రం ఢిల్లీ పూనుకోవాలి. అది లక్షలాది దళిత క్రైస్తవుల కోరిక కూడా.

చేబ్రోలు బ్రహ్మ గుడికి వెళ్లేవాళ్లు పక్కనే ఉన్న ఈ మందిరాన్నీ చూడాలనుకుంటే ముందుగా అక్కడి పెద్దల్ని అడిగి వెళ్లాలి. తలమీద టోపీయో రుమాలో ఉండాలి. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా ఫొటోలు తీయకూడదు. అక్కడి పిల్లల్ని ‘మీరు నిజంగా యూదులేనా’ అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న వాళ్లకు ఇప్పటికే చాలామంది వేశారు.